ఓడ మీది దీపానికి జవాబు

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో పొద్దుగూకిందంటే చాలు, నాకు గుండెల్లో దడ. మేము జింజ్ అనే పేటలో ఉండేవాళ్లం, మా నాన్న రేవులో స్టోర్‌కీపరు. రేవుకు కాస్త ఎడంగా సముద్రంలో ఒక తుప్పుపట్టిన సరుకు ఓడ కదలకుండా నిలబడి ఉండేది. మసీదులో సందెవేళ మగ్రిబ్ అజాన్ అయ్యాక దాని మీద ఒక దీపం అటూ ఇటూ ఊగేది. అది దెయ్యాల ఓడనీ, ఆ దీపానికి బదులిస్తే వెంటపడి ఇంటికొచ్చేస్తుందనీ మా పిల్లల మూక తీర్మానించేసింది. నేనా, బొద్దింకను చూస్తే మంచమెక్కే రకం.

నిజానికి అందులో ఒక మనిషి ఉన్నాడు. ఓడ యజమాని చేతులెత్తేసి మాయమైతే మిగతావాళ్లంతా ఇళ్లకు పోయారు. ఓడ సంగతి కోర్టు తేల్చేదాకా కాపలాగా ఒకరు ఉండి తీరాలట. ఆ ఒక్కడూ మా భీమిలి వైపు మనిషే. కరెంటు లేదు, పలకరించే ప్రాణి లేదు.

అతన్ని కనిపెట్టుకుని ఉండేది ఒక జర్మనీ కుర్రాడు. వాళ్ల దేశంలో ఆ వయసు మగపిల్లలు సైన్యంలో చేరాలట, తుపాకీ పట్టనన్నవాళ్లు అందుకు బదులు ఎక్కడైనా సేవ చెయ్యాలట. ఇతను ఏరికోరి మా రేవుకు, నావికుల సాయానికి వచ్చాడు. వారానికోసారి లాంచీలో ఓడకు బియ్యం, నీళ్లు చేరవేసేవాడు. రోజూ సందెవేళ ఒడ్డున నిలబడి ఆ దీపానికి జవాబుగా టార్చి ఊపేవాడు. మా అమ్మ దగ్గర "అన్నం తిన్నావా అన్నా" అనడం నేర్చుకుని వంకరటింకరగా పలుకుతుంటే మేం పడీపడీ నవ్వేవాళ్లం.

ఒకసారి ఆ అబ్బాయి జ్వరంతో సల్మానియా ఆసుపత్రిలో పడ్డాడు. చూడ్డానికి వెళ్లిన నాన్న చేతిలో టార్చి పెట్టి, ఈ సాయంత్రం మీరు వెళ్లండని బతిమాలాడట. నాన్న నన్నూ తీసుకెళ్లారు. ఆ రోజు గాల్లో దుమ్ము నిలిచిపోయి ఓడా కనబడలేదు, సముద్రమూ కనబడలేదు. అల చప్పుడు కూడా లేదు. ఆ మసకలో దీపం ఒక్కటే, ఏ ఆధారమూ లేనట్టు ఊగుతోంది. భయం పోతుందని నాన్న టార్చి నా చేతికిచ్చారు. నేను ఏడుపు లంకించుకున్నాను.

"వద్దు నాన్నా, అది మనింటికొచ్చేస్తాది!"

"ఓసి పిచ్చిదానా, అక్కడున్నోడు మనలాగే అన్నం తినే మనిషే. మొన్న లాంచీలో వెళ్తే నాతో ఏమన్నాడో తెలుసా? ఒక్క సందె జవాబు రాకపోయినా, నేనెప్పుడో చచ్చిపోయాననే అనుకుంటాను బాబూ, ఇంక నీళ్లలోకి దిగిపోవడమే అన్నాడు. మనం పలక్కపోతేనే మనిషి దెయ్యమైపోతాడే తల్లీ."

ఆయన మాట ముగియకముందే దీపం ఊగడం ఆగింది. తరవాత మెల్లగా కిందికి, నీళ్ల వైపు దిగడం మొదలుపెట్టింది.

టార్చి రెండు చేతులా పట్టుకుని పిచ్చిపట్టినట్టు ఊపాను. వినబడదని తెలిసీ "అన్నం తిన్నావా మామా!" అని గొంతు చించుకున్నాను. దీపం ఉన్నచోటే ఆగిపోయింది. చాలాసేపు అలాగే వేలాడింది. తరవాత ఒక్కో మెట్టే ఎక్కుతున్నట్టు పైకి వెళ్లి, మళ్లీ ఊగింది. నాన్న అక్కడే ఇసకలో చతికిలబడిపోయారు.

కొన్నాళ్లకు కోర్టు తేల్చడంతో అతన్ని దింపి ఊరికి పంపేశారు. వెళ్లేముందు మా ఇంట్లో భోంచేశాడు. ఆ సాయంత్రం సంగతి మేం అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ తరవాత ఒక సందెవేళ అలవాటుకొద్దీ ఖాళీ ఓడ వైపు టార్చి ఊపాను. అటునుంచి దీపం ఊగింది. పరుగున వెళ్లి నాన్నకు చెప్పాను. పిచ్చిదానా అనలేదు. "మళ్లీ జవాబిచ్చావా?" అని మాత్రం అడిగారు. లేదన్నాను. నన్ను వెంటబెట్టుకుని ఒడ్డుకు వెళ్లి జవాబు ఇప్పించారు.

ఇప్పుడు మా చిన్నమ్మాయి ఏడాదిపాటు వృద్ధుల సేవకని ఆ జర్మనీకే వెళ్తోంది. బ్యాగులో టార్చి పెడితే, ఫోన్లో లైటుంది కదమ్మా అని నవ్వింది. ఉండనీవే అన్నాను. చీకట్లో ఎవరు దీపం ఊపినా, అది మనిషా కాదా అని నేనిప్పటికీ ముందు అడగను. ముందు జవాబిస్తాను.