'గ' మీది తలకట్టు

మాదాపూర్‌లోని మా ఆఫీసు గోడకు ఆ మధ్య చెక్క అక్షరాలతో 'స్వాగతం' అని పెట్టాల్సి వచ్చింది. హఫీజ్‌పేట్ నుంచి వడ్రంగి యాదయ్య తన స్క్రోల్ సా తెచ్చుకొని మెట్ల కింద కూర్చున్నాడు. సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే చెక్కను మెల్లగా తిప్పుతూ కోసే మిషన్ అది. 'గ' మీది తలకట్టు విడి ముక్క, గోరంత ఉంటుంది. వేళ్లకు దొరకదని దాన్ని పెద్ద పలకకు అతికించి కోస్తున్నాడు.

అంతలో మా మేనేజరుగారు వచ్చారు. ఈ మిషన్ గురించి ఇంటర్నెట్‌లో ఏదో చదివారట.

"ఇంత స్లో అయితే ఎలాగండి? గట్టిగా తోయండి."

"గట్టిగ తోస్తే బ్లేడ్ తెగుతది సార్. జర ఆగుండ్రి."

ఆయన ఆగలేదు. పలక లాక్కొని తానే తోశారు. బ్లేడు ఠప్పున తెగింది, తలకట్టు రెండు ముక్కలైంది.

"చీప్ బ్లేడ్స్!" అంటూ చేతులు దులుపుకొని ఏసీలోకి వెళ్లిపోయారు మహానుభావులు.

యాదయ్య కొత్త బ్లేడు బిగించి మళ్లీ కోశాడు. ఉప్పుకాగితాన్ని బల్లకు అతికించి, ముక్కనే దాని మీద రుద్దాడు. కాగితం చేత్తో పట్టి రుద్దితే చిన్న ముక్కల అంచులు అరిగిపోతాయట.

సాయంత్రం డైరెక్టరుగారు గోడ మీది అక్షరాలు చూసి, "చాలా నీట్‌గా ఉంది. ఎవరు చేశారు?" అన్నారు.

"అంతా టీమ్ ఎఫర్ట్ సార్" అన్నారు మేనేజరుగారు, సిగ్గు లేకుండా.

నాకు ఒళ్లు మండింది. "చేసింది యాదయ్యండి. సార్ విరగ్గొట్టారంతే" అనేశాను.

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! మీ ఆఫీసుల్లోనూ ఇలాంటి 'టీమ్‌'లు ఉన్నాయా?