కార్లకు వయసు కట్టిన రోజులు

కామారెడ్డి స్టేషన్లో బండి దిగేసరికి పొద్దున ఏడు. యుద్ధం మొదలై మూడో ఏడు నడుస్తోంది. దసరా వెళ్ళి ఎక్కువ రోజులు కాలేదు. పొద్దున వణికించే చలి, మధ్యాహ్నం మాడ్చే ఎండ, రోజంతా మొరం దుమ్ము. మేం ముగ్గురం. జమాదారు, లారీ డ్రైవరు, నేను. నేను మోటారు దళంలో నాయక్‌ని. ఒక లారీ, ఒక పెట్టెడు పనిముట్లు, రెండు రైఫిళ్ళు మా సరంజామా. రైఫిళ్ళు ఎవరిని కాల్చడానికో ఎవరూ చెప్పలేదు.

యుద్ధంలో ఏం చేశావని మా ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. బర్మా అంటానని, ఎడారి అంటానని వాళ్ళ ఆశ. నేను ఎల్లారెడ్డిలో కార్ల పండ్లు లెక్కపెట్టాను. అదే నా యుద్ధం.

హుకుం చిన్నది. తయారై ఐదేళ్ళు దాటని ప్రతి కారూ సైన్యానికి పట్టుకు రావాలి. అంతకంటే పాతది యజమానికే వదిలెయ్యాలి. పాత కారు యుద్ధానికి పనికిరాదు కదా.

పశువుకు పండ్లు చూసి వయసు కడతారు. కారుకు నంబర్లు చూసి కడతారు. బానెట్ ఎత్తితే లోపల ఒక రేకు ఉంటుంది. దాని మీద కంపెనీ వేసిన వరస నంబరు. ఏ నంబరు దాకా ఏ ఏడాదివో మాకు నేర్పి పంపారు. రేకును నమ్మలేకపోతే ఇంజను చూడాలి. ఇనుము పోత పోసిన రోజునే దాని ఒంటి మీద గుర్తు వేస్తారు. ఒక అక్షరం, అది నెల. ఒక అంకె, అది తేదీ. చివర ఇంకో అంకె, అది సంవత్సరం. సంవత్సరంలో చివరి అంకె ఒక్కటే వేస్తారు. తొమ్మిది అని ఉంటే ఇరవై తొమ్మిదో, ముప్పై తొమ్మిదో చూసేవాడే తెలుసుకోవాలి. కళ్ళున్నవాడికి అదేం పెద్ద కష్టం కాదు. పదేళ్ళ తేడా ఉన్న రెండు కార్లను ఎద్దు కూడా పోల్చుకుంటుంది.

మేం వచ్చామని తెలియగానే ఆ చుట్టుపక్కల దొరల కార్లన్నీ ఒక్కసారిగా ముసలివైపోయాయి. మొన్నటిదాకా పెండ్లి ఊరేగింపుల్లో "ఇది నిన్ననే బొంబాయి నుంచి దిగింది" అని మీసం తిప్పినవాళ్ళే, "ఇదా? ఇది మా తాత నాటిది, దగ్గుతది" అన్నారు. రాజంపేట వైపు ఒకాయన కారు చక్రాలు విప్పించి కోళ్ళగూడు కింద దాచాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్న సామెత ఈ జాతిని చూసే పుట్టి ఉంటుంది.

ఎల్లారెడ్డికి రెండో వారం వెళ్ళాం. ఊళ్ళో కార్లు రెండే. రెండూ ఒకే కంపెనీవి. ఒకటి గడీలో దొరది. గుండ్రటి ఒళ్ళు, ఇనుప పైకప్పు, అద్దంలాంటి నల్లరంగు. ఇంకోటి రాజన్నది. కర్ర పుల్లల చక్రాలు, గుడ్డ టాపు, నిలువుగా నిలబెట్టిన ముందు అద్దం.

రాజన్న తండ్రి గడీలో వెట్టి చేసి చేసి పోయాడు. కొడుకును చిన్నప్పుడే కారు కడగడానికి పెట్టారు. కడుగుతూ కడుగుతూ నడపడం నేర్చుకున్నాడు. దొర కొత్త కారు కొన్నప్పుడు, ఏళ్ళ తరబడి చేసిన చాకిరికి బదులుగా పాతది వాడికి పడేశాడు. రాజన్న దాన్ని బాగుచేసుకుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి కిరాయికి తిప్పుతున్నాడు. జ్వరాలవాళ్ళనీ, కాన్పు కష్టమైన ఆడవాళ్ళనీ దవాఖానకు చేర్చేది ఆ బండే.

"గీ బండున్నన్ని రోజులే నేను మనిషిని సారూ," అన్నాడు నాతో. "ఇది పోతే మల్ల గడీల వెట్టే. నా పిల్లలు గుడ."

"నీది పాత బండి. దాన్ని ఎవరు ముడతరు?" అన్నాను. నవ్వాను కూడా.

ముందు దొర కారు బానెట్ ఎత్తాను. రేకు నంబరు చూస్తే పదకొండేళ్ళ కిందటిది. గుండ్రటి ఒళ్ళున్న కారుకు పదకొండేళ్ళు! తర్వాత రాజన్న కారు చూశాను. రేకు నిండా పసుపు, మందంగా సిందూరం. చాకు తీసి గీకబోయాను.

"గీకకుండ్రి సారూ. దొర చేతి పూజ," అన్నాడు రాజన్న.

"ఏం పూజ?"

చెప్పాడు. దసరా నాడు గడీలో ఆయుధ పూజ. ఊళ్ళో ఇనుము పట్టిన ప్రతివాడూ తన పనిముట్టు గడీకి పంపాలి. కమ్మరి సుత్తె, వడ్రంగి ఉలి, మంగలి కత్తి, అన్నీ. రాజన్న కారు మాత్రం గడీ గేటు దాటరాదు. వాడు అందులో కూర్చుని దొర ముందుకు వస్తే మర్యాద ఏముంటుంది? ప్రతి ఏడూ ఒక పానా పంపేవాడు. ఈసారి గడీ లెక్కలు రాసే మునీము స్వయంగా వచ్చి, "పానా ఎందుకురా, బండి పేరున్న రేకు పంపు. బండికి బండే పూజైతది" అన్నాడు. రాజన్న మురిసిపోయాడు. నాలుగు మరలు విప్పి, రేకును పళ్ళెంలో పెట్టి, తెల్లబట్ట కప్పి పంపాడు. సాయంత్రానికి రేకు బొట్లు పెట్టుకుని తిరిగొచ్చింది. చదువు రాని రాజన్న కళ్ళకద్దుకుని బిగించుకున్నాడు.

"రేకు సక్కగ కూసుందా?" అడిగాను.

"లేదు సారూ. రెండు బొక్కలే కలిసినయి. పూజల ఉబ్బినట్టుంది అనుకున్న."

ఇనుము పూజలో ఉబ్బుతుందా? గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది. సిందూరం గీకితే కిందున్నది దొర కారు నంబరు. హుకుం మాకంటే ముందే గడీకి చేరిందన్నమాట. ఒక మనిషి భక్తిని స్క్రూడ్రైవరులా వాడుకోవడం అప్పుడే చూశాను.

ఇంజన్లు చూశాను. గేరు పెట్టెలు చూశాను. కిందికి దూరి వెనక ఇరుసులు చూశాను. రాజన్న బండిలో అన్నిటికీ చివర సున్నా. ముప్పై. దొర కారులో అన్నిటికీ చివర తొమ్మిది. ముప్పై తొమ్మిది. లెక్క తేలిపోయింది.

దొర అరుగు మీద నుంచి కదలకుండానే చెప్పాడు. "కొత్తది వానికిచ్చిన. పాపం, బతుకుతడని. పాతది మా బాపు గుర్తుగ ఉంచుకున్న." మునీము తల ఊపాడు. పటేలు తల ఊపాడు. ఆ కార్లు కొన్నప్పటి నుంచీ చూసిన ఊరంతా అక్కడే నిలబడి ఉంది. ఒక్క గొంతూ లేవలేదు. వాళ్ళ భయం నాకు తెలుసు. అయినా ఆ రోజు వాళ్ళ మీద కూడా అసహ్యం వేసింది.

జమాదారు కామారెడ్డి స్టేషన్ నుంచి మా కప్తానుకు ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"సాబ్, ఎల్లారెడ్డిల రెండు కార్ల రేకులు మార్చిన్రు."

కప్తాను గొంతు బయటికే వినబడింది. "నేనే వస్త. దొరకు జెప్పు, భోజనం అక్కడనే."

వచ్చాడు. గడీలో మధ్యాహ్నం రెండు గంటలు తిన్నాడు. పలావు వాసన బయట లారీ దాకా వచ్చింది. మేం జొన్నరొట్టె నమిలాం. తర్వాత చేతిలో తమలపాకుతో బయటికొచ్చి, నన్ను పిలిచి, గుర్తులు చదవమన్నాడు.

"దొర కారుకు చివర తొమ్మిది సాబ్."

"ఇరవై తొమ్మిది," అన్నాడు. "ఇంకోటి?"

"సున్నా సాబ్. ముప్పై."

"నలభై ఎందుకు కాదు?"

"కర్ర చక్రాలు సాబ్. గుడ్డ టాపు. ఒకసారి చూడండి."

"నేను చూసిన."

చూడలేదు. తల కూడా తిప్పలేదు. ఆ రెండు బళ్ళకూ పుట్టిన తేదీ పలావు పళ్ళెంలో రాసేశారు. నేను మళ్ళీ నోరు తెరిచాను. జమాదారు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నాయక్, నోరు బంద్ చెయ్. నాకు పింఛనుకు ఇంక ఏడాదే ఉంది."

సాయంత్రం నాలుగు గంటలకు రాజన్న బండిని పట్టుకెళ్ళాం. మా డ్రైవరు హ్యాండిల్ తిప్పి తిప్పి చెమటలు కక్కాడు. బండి లేవలేదు. రాజన్న వచ్చి హ్యాండిల్ తీసుకున్నాడు.

"అన్నా, దీనికి సలి ఎక్కువ. రెండుమార్లు ఉత్తగ తిప్పాలె. గప్పుడు స్విచ్ ఇయ్యాలె. గట్లయితేనే లేస్తది."

రెండుసార్లు ఉత్తగా తిప్పాడు. మూడోసారికి లేచింది. హ్యాండిల్‌ను తలగుడ్డతో తుడిచి సీటు కింద పెట్టాడు. నా వైపు చూడలేదు. అది మేలే అయింది.

బండిని రైలెక్కించి సికింద్రాబాద్ డిపోకు నేనే తీసుకెళ్ళాను. అక్కడి హవల్దారు చుట్టూ తిరిగి చూశాడు. "ఇది ఎవరి ముత్తాత? దీన్ని యుద్ధానికి పంపితే శత్రువు నవ్వి చస్తడు" అన్నాడు. చక్రాలు విప్పేసి గోడ పక్కన పడేశారు. ఒక కుక్క సీట్లో ఈనింది. రాజన్న బండి చేసిన యుద్ధం అంతే.

మకాం ఎత్తేసే నాటికి చలికాలం ముదిరింది. నిజాంసాగర్ కాలువల దగ్గర మంచు పొద్దెక్కినా విడవడం లేదు. చివరిసారి లారీలో ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వస్తున్నాం. ఎదురుగా దూరంలో దీపాలు కనబడ్డాయి. కారు కంటే ముందు ఒక మనిషి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. దొర బండి ముందు వెట్టివాడు పరుగెత్తి దారి ఖాళీ చేయించాలి. గుర్రాల నాటి ఆచారం అది. కారు వచ్చినా మానలేదు.

డ్రైవరు లారీని పక్కకు తీశాడు. "రాజన్న గదా," అన్నాడు మెల్లగా.

రాజన్నే. ఒంటి మీద చొక్కా లేదు. చేతిలో కర్ర. నోట్లోంచి ఆవిరి. మమ్మల్ని చూశాడో లేదో తెలియదు. వెనక నల్లకారు, లోపల వెనక సీట్లో శాలువా కప్పుకుని దొర. మా లారీ దాటగానే దారి ఎడమకు తిరుగుతుంది. వెనక్కి తిరిగి చూశాను.

రెండేళ్ళు ఆ దారిలో బండి నడిపిన మనిషి. పరుగు ఆపకుండానే, మలుపుకు కొంచెం ముందే, స్టీరింగు పట్టిన రోజుల అలవాటుగా చెయ్యి చాపి సైగ చేశాడు. వెనక కారు తిరిగింది.