మనవరాలి కోసం కడిగిన కారు

స్వైన్ ఫ్లూ పేరు రోజూ పేపర్లో కనిపించిన ఏడాది అది. నా డైరీలో ఆ వారానికి రెండు ముక్కలే ఉన్నాయి. మిగతాది గుర్తున్నంత మేరకు రాస్తున్నాను.

నాచారంలో మా పక్కింటాయన సొంత కారును కిరాయికి నడిపేవాడు. ఆలేరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మా వీధిలో పుట్టిన పిల్లల్లో చాలామంది ఆస్పత్రి నుంచి ఇంటికి ఆయన కారులోనే వచ్చారు. ఆ వారం ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఆస్పత్రిలో ఆయన కూతురికే ఆడపిల్ల పుట్టింది. తొలి మనవరాలు. శనివారం ఇంటికి పంపిస్తామన్నారు. ఈలోగా చర్లపల్లిలో ఎక్కిన ఒక జ్వరం మనిషి దారంతా దగ్గి, వెనక సీట్లో వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి తెలిసి కూతురు ఫోన్లో తేల్చి చెప్పింది: కారు శుభ్రంగా ఉంటేనే ఎక్కుతాను, లేకపోతే ఆటోలో వస్తాను. అందరి పిల్లలనూ తెచ్చినవాడు తన మనవరాలిని ఆటోలో తెచ్చుకోవడమా అని ఆయన బాధ.

శుక్రవారం పొద్దున నేను బయటికి వెళ్లేసరికి ఆయన బకెట్లో బ్లీచింగ్ పౌడర్ కలిపి పెట్టుకుని, బాత్రూములు కడిగే యాసిడ్ సీసా మూత తీస్తున్నాడు.

"ఆగవయ్యా! ఆ రెండూ కలపకు."

"రెండు కల్పితే మస్తు పవరుంటది గద సారు?"

"ఆ పవరు ముందు నీ ఊపిరితిత్తుల మీద పనిచేస్తుంది. విషవాయువు వస్తుంది. మూత పెట్టు."

పెట్టాడు. నేను మల్లాపూర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో యంత్రాలు కడిగించే పని చూసి రిటైరయ్యాను. అక్కడ నేర్చుకున్నది ఒకటే. ముందు మురికి పోవాలి, తర్వాతే మందు. మురికి మీద పోసిన మందు మురికికే ఖర్చయిపోతుంది.

కారును నీడలో పెట్టించి నాలుగు తలుపులూ తీయించాను. ముఖాలకు రుమాళ్లు కట్టుకున్నాం, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకున్నాం. కాళ్ల కింది మ్యాట్లు బయటికి తీసి, పల్చటి బ్లీచింగ్ నీళ్లతో తడిపి, కాసేపాగి మంచినీళ్లతో కడిగాం. సీట్లకు ఆ నీళ్లు తగలనివ్వలేదు, గుడ్డ రంగు వెలిసిపోతుంది. వాటిని సబ్బునురగతో, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచాం. ఆయనకు బకెట్ ఎత్తి కుమ్మరించాలని ఉంది. లోపలి స్పాంజి తడి పీల్చుకుంటే ఎండదని, బూజు పడుతుందని ఆపాను. మెడికల్ షాపు నుంచి తెచ్చిన స్పిరిట్‌ను ముందు ఎవరికీ కనపడని మూల ప్లాస్టిక్ మీద రుద్ది చూశాం. రంగు దిగలేదు. ఆ తర్వాత స్టీరింగు, గేరు గుండు, తలుపుల పిడులు, చివరికి సీటు బెల్టు బిళ్లలు కూడా తుడిచాం.

"బెల్టుకు గూడ స్నానమా సారు? దాన్నెవ్వడు ముడుతడు? పోలీసోడు కనబడ్తేనే గద పెట్టుకునేది!"

"పోలీసు కనబడినప్పుడల్లా అందరూ పట్టుకుని లాగేది ఈ బిళ్లనే కదా."

సరిగ్గా అప్పుడే ఆయన భార్య నిప్పుల మీద సాంబ్రాణి వేసుకుని వచ్చింది. "జర జరుగున్రి, పొగేస్త."

"అమ్మా, అక్కడే ఆగండి! స్పిరిట్ అంటుకుంటుంది."

ఆమె ఆగింది కానీ ముఖం మాడ్చుకుంది. సాయంత్రం దాకా తలుపులు తీసే ఉంచాం. చీకటి పడేముందు ఆమె కారులోకి తల పెట్టి వాసన చూసింది.

"వాసనే లేదు. పొద్దటి సంది ఏం కడిగిన్రు?"

"వాసన లేకపోవడమే శుభ్రమమ్మా."

"ఏమో సారు. దవాఖానల గూడ ఫినాయిలు వాసనొస్తెనే కడిగినట్టు తెలుస్తది."

మా వీధిలో ఎవరింట్లో గచ్చు కడిగారో వాసనే చెప్పేది.

శనివారం ఆయన నన్నూ రమ్మన్నాడు. "మీరు చెప్తే మా బిడ్డ ఇంటది సారు." కారు తలుపు తీయగానే కళ్లు మండాయి. ఎవరూ లేవకముందే ఆయన భార్య సీట్ల మీద, కింద ఫినాయిలు చల్లి అద్దాలు ఎత్తేసింది.

"ఏం పని జేసినవే!"

"పసిపిల్ల కోసమే పోసిన. వాసన లేని బండిల కూసోబెట్టాల్నంటే నాకు నిద్రవట్టలే."

మళ్లీ కడిగి ఆరబెట్టే సమయం లేదు. అద్దాలన్నీ దించి ముగ్గురం బయలుదేరాం. ఉప్పల్ చేరినా వాసన తగ్గలేదు. ఆస్పత్రి గేటు దగ్గర కూతురు బిడ్డను ఎత్తుకుని కారు దాకా వచ్చి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. బిడ్డ తుమ్మింది.

"అంకుల్, మంచిగ కడిగిన్రన్నరు గదా?"

తండ్రి నా ముఖం చూశాడు. ఆయన నన్ను వెంట తెచ్చుకున్నది ఈ జవాబు కోసమే.

"కడిగాం తల్లీ. ఇది కడిగాక పోసిన ఫినాయిలు. ఇందులో పసిపిల్లను ఎక్కించకు."

ఆయన రోడ్డు మీదికి వెళ్లి తానే ఆటోను పిలిచాడు. "అన్నా, నాచారం పోవాలె. బాలింత ఉన్నది, గుంతలు సూసి నడుపు." తల్లీకూతుళ్లు బిడ్డతో ఆటో ఎక్కారు. మేమిద్దరం ఖాళీ కారులో వెనకే వెళ్లాం. ఆటో ఆగిన చోటల్లా ఆయనా ఆపాడు.

హబ్సిగూడ దగ్గర ఒక బైకువాడు మా రెండు బళ్ల మధ్యకు దూరాడు. ఈయన హారన్ కొట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "జరుగు బై! ముందట నా మనుమరాలు పోతున్నది!"

"గట్లయితే నువ్వెందుకు ఎన్కున్నవే, మామా?" అన్నాడు వాడు నవ్వుతూ.

ఇల్లు వచ్చేదాకా ఆయన మళ్లీ హారన్ కొట్టలేదు.

ఇంటి ముందు ఆటో దిగి భార్య లోపలికి వెళ్లింది. ఈయన ఇంజను ఆపి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. కూతురు కారుకు రెండడుగుల దూరంలో, గాలి వచ్చే వైపు నిలబడి, బిడ్డ ముఖం మీది గుడ్డ తొలగించింది.

"సూడు నాయినా. బండిని మంచిగ ఎండనియ్యి. నెలన్నర సూదికి దీంట్లనే పోదాం."

ఆయన తలూపాడు. నేను దిగి, నా వైపు తలుపు మూయకుండా వదిలేశాను.