ఆమెన్ అనేలోపు దిగిపోయిన బ్రేకు: సనాబిస్ నుంచి అవాలి దాకా

బహ్రెయిన్‌లో మా తెలుగు సహవాసం శుక్రవారం ఆరాధనకు అవాలి వెళుతుంది. నేను ఉండేది సనాబిస్‌లో, నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి దగ్గర. దారి ఖాళీగా ఉంటే వ్యానులో అరగంట, లేకపోతే ముప్పావుగంట. వంట వంతులవారీగా వస్తుంది. రెండు వారాల కిందటి శుక్రవారం నా వంతు. పాతిక మందికి కోడి పలావు, పెరుగు చట్నీ చేసి, డేగిసాకు తడిగుడ్డ చుట్టి, ఏడింటికల్లా కిందికి దింపించాను. గ్యాస్ కట్టేశానా లేదా అని రెండుసార్లు పైకి వెళ్లి చూసి వచ్చాను. అది నాకు ఎప్పుడూ ఉన్నదే. మీలో ఎవరైనా మాలాగే పాత వ్యాను మాట్లాడుకుని వెళ్లేవాళ్లుంటే పనికొస్తుందని ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వ్యాను నడిపే ఖాదర్‌ది నిజామాబాద్ వైపు. నలభై దాటిన మనిషి, మంచివాడు. బండి ఆయనది కాదు, ఆయన కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానిది. ఆదివారం నుంచి గురువారం దాకా బడి పిల్లల్ని తిప్పుతాడు, శుక్రవారం మమ్మల్ని అవాలి తీసుకెళతాడు. రానూ పోనూ తలకు రెండు దినార్లు. బండి పాతది, చేతి బ్రేకు సరిగా పట్టదు. అందుకని నిలబెట్టినప్పుడల్లా కాలి బ్రేకు మీదే ఉంచుతాడు. ఎండకు ఏసీ కావాలి కాబట్టి ఇంజను ఆపడు. బయలుదేరే ముందు ప్రార్థన చేయడం మా అలవాటు, వయసులో పెద్దదాన్నని ఆ పని నాకు అప్పజెప్పారు. ఖాదర్ తన బిస్మిల్లా తాను చెప్పుకుని, బ్రేకు మీద కాలుంచి, నా ఆమెన్ కోసం ఓపిగ్గా కాచుకుంటాడు. నా ప్రార్థన పొడుగని అందరికీ తెలుసు. ఊళ్లో ఉన్నవాళ్లు, ఆస్పత్రిలో ఉన్నవాళ్లు, డ్యూటీలో ఉన్నవాళ్లు, చివరికి దారిలో ఉన్నవాళ్లు, ఎవరినీ వదలను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. వ్యానులో ప్రార్థన చేసేటప్పుడు నేను కళ్లు మూసుకోను. మోకాళ్ల నొప్పులని నన్ను ముందు సీటులో కూర్చోబెడతారు. రోడ్డు చూడకుండా ఉండటం నా వల్ల కాదు. ఆ రోజు ఆస్పత్రిలో ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎదురుగా ఉన్న చెత్త డబ్బా జానెడు దగ్గరికి వచ్చినట్టనిపించింది. మా భవనం ముందు నేల కాస్త వాలుగా ఉంటుంది. కిందికి చూశాను. ఖాదర్ కాలు బ్రేకు మీదే ఉంది. కానీ ఆ బ్రేకు, పిండిలో వేలు గుచ్చినట్టు, మెల్లగా నేలవైపు దిగిపోతోంది. ఆయన గబుక్కున రెండుసార్లు తొక్కాడు. బండి ఆగింది.

ఆమెన్ కూడా అనకుండా, "ఖాదరూ, నీ బ్రేకు దిగిపోతుందయ్యా," అన్నాను.

"ఏం గాదవ్వా, పాత బండి గదా. సూడు, రెండుసార్లు తొక్కితే రాయి లెక్క గట్టిగయితది," అని తొక్కి చూపించాడు. నిజంగానే గట్టిపడింది.

వెనక సీటులోంచి రూతమ్మ నవ్వింది. రూతమ్మది మా గోదావరి వైపే, ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తుంది. "మామ్మగారూ, పోయిన వారం టైరు పేలుద్దన్నారు. ఆ ముందు వారం డేగిసా మూత ఎగిరి ఎవరి తలకో తగులుద్దన్నారు. ఇవాళ బ్రేకా? ముందు ఆమెన్ అనండి, ఆలస్యమవుతుంది."

అందరూ ఆమెన్ అన్నారు. నా భయాల మీద నాకే నమ్మకం తక్కువ కాబట్టి నోరు మూసుకున్నాను. ఏడూ ఇరవైకి బయలుదేరాం.

పెద్ద రోడ్డెక్కాక నేను కిటికీలోంచి చూసింది ఏమీ లేదు. ఖాదర్ కాలే చూస్తూ లెక్కపెట్టాను. మొదటి సిగ్నల్ దగ్గర రెండుసార్లు తొక్కాడు. తరువాతి దాని దగ్గర మూడుసార్లు. సల్మాబాద్ మలుపు ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది, మా ముందు కూలీలను తీసుకెళ్లే కంపెనీ బస్సు ఆగి ఉంది. మేమూ ఆగాం. ఆగి నిలబడినవాళ్లం, మళ్లీ కదిలాం. బస్సు వెనక అద్దం నాకు పెద్దదవుతూ కనిపించింది. వెనక సీటు కూలీలు మావైపు తిరిగి చేతులు ఊపుతున్నారు. ఖాదర్ ధబధబా నాలుగుసార్లు తొక్కాడు. బస్సుకూ మాకూ మధ్య నా చెయ్యి పట్టేంత ఎడం మిగిలింది. వెనక ఎవరూ నవ్వలేదు.

"పక్కకు తియ్యి," అన్నాను.

"అవ్వా, అవాలి దాకా మెల్లగ పోదాం. రేపు సూపిస్త."

"నువ్వు పో. నేను ఇక్కడే దిగుతాను. నేను దిగితే డేగిసా కూడా దిగుద్ది."

బండిలో తొమ్మిది మందిమి ఉన్నాం. భోజనం డేగిసాలో ఉంది. రూతమ్మ, "ఖాదర్ భాయ్, పక్కకు తీసెయ్. మామ్మగారు అన్నంత పనీ చేస్తారు," అంది. పచ్చలైటు పడగానే బస్సును పోనిచ్చి, ఓరగా నడిపి, సల్మాబాద్ గ్యారేజీల వరస మొదట్లో ఉన్న ఇసుక జాగాలో ఆపాడు. చక్రాల కింద నేనే రాళ్లు వెతికి పెట్టించాను.

శుక్రవారం పొద్దున కాబట్టి షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. ఖాదర్‌కు తెలిసిన మెకానిక్ రాజన్న ఒక గ్యారేజీ పైగదిలో ఉంటాడు. జగిత్యాల మనిషి. లుంగీతోనే కిందికి దిగి వచ్చి, "సెలవు దినం గూడ నిద్రపోనియ్యవా భాయ్?" అంటూ ముందు బ్రేకు ఆయిలు డబ్బా చూశాడు. నిండుగా ఉంది. బోర్లా పడుకుని నాలుగు చక్రాల లోపలి వైపూ, గొట్టాల వెంటా టార్చి వేసి చూశాడు. ఎక్కడా తడి లేదు. ఇంజను స్టార్ట్ చేయించి బ్రేకు తొక్కమన్నాడు. ఖాదర్ టకటకా తొక్కాడు. గట్టిగానే ఉంది.

"జెప్పలేదా? ఏం లేదు," అన్నాడు ఖాదర్.

"గట్ల తొక్కితే తెల్వది. మెల్లగ నొక్కి పట్టు. వదలకు."

ఖాదర్ నొక్కి పట్టాడు. అయిదు లెక్కపెట్టేలోపే, "సూడు, పట్టింది," అని కాలు తీసేశాడు.

తెలియని విషయంలో వేలు పెడుతున్నానని భయం. ఊరుకుంటే ఇంకా భయం. "బాబూ, అంత చిన్న ప్రార్థనకి అది దిగదు. పొద్దున ఆస్పత్రి వాళ్ల దాకా వచ్చాకే దిగింది," అన్నాను.

రాజన్న నావైపు చూశాడు. రూతమ్మ ప్రార్థన సంగతి చెప్పింది. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "అయితే గదే ప్రార్థన చెయ్యి పెద్దమ్మా. భాయ్, పెద్దమ్మ ఆమెన్ అనేదాంక కాలు తియ్యకు."

ఇసుకలో నిలబడి మొదలుపెట్టాను. ఈసారి ఎవరూ కళ్లు మూసుకోలేదు. ఊళ్లో ఉన్నవాళ్లు అయ్యారు. ఖాదర్ బూటు కదల్లేదు. ఆస్పత్రిలో ఉన్నవాళ్ల దగ్గర బూటు ముందు భాగం వంగింది. డ్యూటీలో ఉన్నవాళ్ల దగ్గర సగం దిగింది. దారిలో ఉన్నవాళ్లు అనేసరికి నేలకు ఆనింది.

"మాస్టర్ సిలిండర్," అన్నాడు రాజన్న చేతులు తుడుచుకుంటూ. "కాలు నొక్కితే ఆయిలును చక్రాలకు తోసేది గదే. దాని లోపల రబ్బర్లు అరిగినయ్. ఆయిలు బయటికి కారది, లోపల్నే వెనక్కి జారుతది. అందుకే తడి కనబడది. టకటక తొక్కితే పట్టినట్టే ఉంటది, నొక్కి పడితే దిగుతది. ఎన్ని దినాలాయె భాయ్ గిట్ల?"

ఖాదర్ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. "రెండు వారాలు," అన్నాడు. "తొక్కితే పట్టుతుండె. చెప్తే కఫీల్ బండి ఆపుతడు, బడి ట్రిప్పు ఇంకొకనికి పోతది."

"గీ బండిల పిల్లలను తిప్పినవా రెండు వారాలు?"

నేను తిట్టాలనుకున్నాను. ఖాదర్ మొహం చూస్తే తిట్టు రాలేదు. "ఫోను చెయ్యి నాయనా, ఇప్పుడే. నువ్వు చేసేదాకా నేను కదలను," అన్నాను. చేశాడు. అవతల గొంతు పెద్దగా వినిపించింది, అరబ్బీలో. ఖాదర్ 'నిజమే, నిజమే' అన్నట్టు తల ఊపుతూ విన్నాడు. ఫోను పెట్టేసి, "ఆదివారం పిల్లలకు వేరే బండి పంపుతడట. గిది బాగయ్యేదాంక ఖలాస్, నడపొద్దన్నడు," అన్నాడు.

డేగిసా మూత తీసి ఖాదర్‌కూ రాజన్నకూ పళ్లేల నిండా పలావు పెట్టాను. తరువాత రెండు టాక్సీలు పిలిచి, డేగిసాను ఒకదాని వెనక పెట్టించుకుని, తొమ్మిదింబావుకు బయలుదేరాం. ఒక్కో టాక్సీకి అయిదారు దినార్లయింది. రిఫా దాటాక ఇళ్లు తగ్గి ఇసుక, చమురు గొట్టాలు మొదలవుతాయి. ఆ తరువాత అవాలి. ఎడారి మధ్యలో నీడ చెట్లు, పాతకాలపు పొట్టి ఇళ్లు. కొత్తగా వెళ్లేవాళ్లు చూడవలసిన దారి అది, నేనే చూడలేదు. టాక్సీవాడి కాలు చూస్తూ కూర్చున్నాను. మేం చేరేసరికి పాటలు అయిపోయాయి, వాక్యోపదేశం నడుస్తోంది. పలావు ఇంకా వేడిగానే ఉంది.

రాజన్న మర్నాడు కొత్త మాస్టర్ సిలిండర్ వేసి, గొట్టాల్లో గాలి తీశాడట. బడి ట్రిప్పు ఒక వారం వేరేవాళ్లు చేశారు, మళ్లీ ఖాదర్‌కే వచ్చింది. నేను ఎన్ని ఏళ్లుగానో నా భయాన్ని ఒక రోగంలా దాచుకున్నాను. ఇప్పుడూ అది తగ్గలేదు. వందసార్లు భయపడితే తొంభైతొమ్మిదిసార్లు ఉత్తదే. ఆ ఒక్కటీ ఏదో ముందుగా తెలియదు కాబట్టి అన్నిసార్లూ భయపడక తప్పదు. మీకు చెప్పదలచుకున్నది ఒకటే. పాత బండి ఎక్కే ముందు, చదునైన చోట, ఇంజను నడుస్తుండగా బ్రేకు మెల్లగా నొక్కి నిమిషంపాటు వదలకుండా పట్టమనండి. ముందే నొక్కి ఉంచి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు కాస్త దిగి ఆగితే మంచిదే, ఆగకుండా దిగుతూ పోతే ఆ బండి ఎక్కకండి. నిన్న శుక్రవారం అందరం ఎక్కి కూర్చోగానే ఖాదర్ బ్రేకు మీద కాలుంచి, "కానియ్యవ్వా, పొడుగుదే చెయ్యి," అన్నాడు. మొదలుపెట్టాను. దారిలో ఉన్నవాళ్ల దగ్గరికి వచ్చి పక్కకు చూస్తే, ఆయన కూడా కళ్లు తెరిచి తన కాలే చూసుకుంటున్నాడు.