విక్టోరియా గారి మొదటి ప్రశ్న

స్వర్గానికి వెళ్ళినా విక్టోరియా గారు గుమ్మం దగ్గరే ఆగి, "ఏవండీ, బాత్రూం ఎటండీ?" అని అడిగాకే లోపల అడుగుపెడతారని ఏలూరు నర్సులు చెప్పుకుంటారు. పెళ్ళికి వెళ్తే వధూవరుల కన్నా ముందు ఆవిడ చూసేది బాత్రూమే. కొత్త చర్చి ప్రతిష్ఠ నాడు, పాస్టరు గారు ప్రార్థనకి కళ్ళు మూసుకోవడం చూసి, మెల్లగా లేచి వెనకవైపు వెళ్ళి చూసొచ్చారు. ఒకసారి బంగారం కొట్టుకి వెళ్ళారు. కొన్నది లేదు గానీ, వాళ్ళ బాత్రూంలో కుళాయి కారుతోందని మాత్రం యజమానికి చెప్పి వచ్చారు.

ఈ సంగతి తెలియక ముందే శాలిని ఆవిడ దగ్గర చేరిపోయింది. నర్సింగ్ చదివి ఏలూరులోనే ఒక చిన్న ఆసుపత్రిలో కుదురుకుంటూ ఉండగా అది కాస్తా మూతపడింది. విక్టోరియా గారు మిషన్ ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాక పవర్‌పేటలో నర్సుల ఏజెన్సీ పెట్టారు. ఎక్కడ నర్సు సెలవు పెడితే అక్కడికి, ఎవరింట్లో మనిషి మంచం పడితే అక్కడికి తన అమ్మాయిల్ని పంపుతారు. పనికి శాలిని భయపడలేదు. భయమల్లా కొత్త చోటంటేనే. దూది ఎక్కడుందో, సూదులు ఎక్కడున్నాయో తెలిసేసరికి అక్కడ డ్యూటీ అయిపోయేది. పేరు కూడా ఎవరూ అడిగేవారు కాదు. 'ఏజెన్సీ అమ్మాయి' అనేసేవారు.

అందుకే, ఏ చోటికైనా మొదటి రోజు విక్టోరియా గారే వెంటవచ్చి దిగబెడతారని విని ఆ పిల్ల ఎంతో సంతోషించింది. ఆ సంతోషం ముదినేపల్లి దాకా నిలిచింది.

అక్కడ రిటైర్డు హెడ్మాస్టరు సూర్యప్రకాశరావు గారి భార్య ఆండాళ్ళు గారికి తుంటి ఎముక విరిగింది. మేస్టారు ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, కాఫీ తీసుకుంటారా అని అడిగారు. విక్టోరియా గారు బాత్రూం అడిగారు. వెళ్ళారు, తలుపేసుకున్నారు, అంతలోనే వచ్చేశారు. మేస్టారికి జాలేసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ?" అన్నారు గొంతు తగ్గించి.

"ఏదండీ?"

"సుగరండీ. మొహమాటపడకండి. నాకూ ఉంది."

తనకి లేదని ఆవిడ చెబితే, మొదట్లో తానూ అలాగే అనేవాడినని ఆయన నవ్వేశారు. వస్తున్న కాఫీని వెనక్కి పంపించి పెద్ద గ్లాసుడు కాకరకాయ రసం తెప్పించారు. విక్టోరియా గారు దాన్ని ఊపిరి తిప్పుకోకుండా తాగి, బాగుందన్నారు. బాత్రూంలో బల్బు పోయిందని కూడా చెప్పి బస్సెక్కి వెళ్ళిపోయారు. శాలినికి మేస్టారి మొహం చూడ్డానికి సిగ్గేసింది.

గణపవరంలో ఇంకా ఘోరం. నర్సింగ్ హోంలో డాక్టరు గారు ఒక రైతు గుండె చప్పుడు వింటున్నారు. చెవుల్లోంచి గొట్టాలు తీసేదాకా కూడా ఆగకుండా విక్టోరియా గారు తన ప్రశ్న వేశారు. పాపం పెద్దావిడకి ఎంత అవస్థో అనుకుని, ఆయన మూత్ర పరీక్ష రాసిచ్చి, ఫీజు వద్దన్నారు. ఆ సాయంత్రానికల్లా అక్కడి నర్సులు శాలినికి 'బాత్రూం మేడం గారి అమ్మాయి' అని పేరు పెట్టారు. 'ఏజెన్సీ అమ్మాయి' అన్న పేరే నయమనిపించింది ఆ పిల్లకి.

ఇక మానేస్తానని ఇంట్లో చెబితే వాళ్ళమ్మ కోప్పడింది. పెద్దావిడకి ఏం జబ్బో ఏమో, అలాంటివాళ్ళని చూసి నవ్వుకోకూడదంది. శాలినికి అదీ నిజమేననిపించింది. మర్నాడు తాడేపల్లిగూడెం బస్సులో, ఏలూరులో మంచి కిడ్నీ డాక్టరు ఉన్నారని మెల్లగా కదిపింది.

"నాకేం జబ్బమ్మా? గుండ్రాయిలా ఉంటేనూ," అని విక్టోరియా గారు సంచిలోంచి జామకాయ తీసి చేతిలో పెట్టారు.

తాడేపల్లిగూడెంలో ఆ ఆసుపత్రి కొత్తది. ముందంతా అద్దాలే. ఒక నర్సు పురిటికి వెళ్తే ఆ స్థానంలో నెలల తరబడి పని. రోజుకో ఊరు తిరిగే బాధ ఉండదు. ఈ ఒక్క పూటా మేడం గారు ఏమీ అడక్కుండా ఉంటే బాగుండునని శాలిని లోలోపల ప్రార్థన చేసుకుంది. మేనేజరు ఫణికిరణ్ నమస్కారం పెట్టాడు. ఆవిడ నమస్కారం పెడుతూనే అడిగేశారు.

అతను గర్వంగా తీసుకెళ్ళి పాలరాయి పరిచిన బాత్రూం చూపించాడు. ఆవిడ గుమ్మంలోంచే చూసి, "ఇది చూడ్డానికొచ్చినవాళ్ళదండీ. నర్సులది చూపించండి," అన్నారు.

ఫణికిరణ్ నసిగాడు. వరండా చివర ఉంది, నిండా సెలైన్ పెట్టెలు. తలుపుకి గడియ లేదు. మరి నర్సులు ఏం చేస్తారంటే, సర్దుకుంటారండీ అన్నాడు. ముందువైపుది వాళ్ళు వాడకూడదని రూలట. పక్కనే ఉన్న సువర్ణ అనే నర్సు శాలిని చెవిలో, "పొద్దున్నుంచీ నీళ్ళు ముట్టుకోమండీ," అంది.

శాలినికి తన సంగతి గుర్తొచ్చింది. పాత ఆసుపత్రిలో తానూ అలాగే గొంతెండబెట్టుకుని సాయంత్రానికి తలనొప్పితో ఇంటికి చేరేది. ఆండాళ్ళు గారింట్లో తాము వెళ్ళిన రోజే బాత్రూంలో కొత్త బల్బు వెలిగిన సంగతి ఆ పిల్లకి అప్పుడు తట్టింది.

విక్టోరియా గారు వెళ్ళి హాల్లో సోఫాలో కూర్చున్నారు.

"ఖాళీ చేయించండి. నేను ఇక్కడుంటానండీ."

"మీరు ముందువైపుది వాడుకోవచ్చు మేడం."

"వద్దండీ. నేను నర్సుని."

తర్వాత పక్కన ఎవరు కూర్చుని ఏం కావాలని వచ్చారండీ అని అడిగినా, ఆవిడ వినయంగా, "బాత్రూం కోసమండీ," అని చెప్పసాగారు. ఆ మాట హాల్లో కుర్చీల వరసల వెంబడి పాకింది. ఇంత ఆసుపత్రిలో అదే లేదా అని ఒకాయన కౌంటరు దగ్గర నిలదీశాడు. మా ఇల్లు దగ్గరే, రండని ఒకావిడ బతిమాలింది. ఒక ముసలమ్మ ఏకంగా ఫణికిరణ్ చెయ్యి పట్టుకుని, "పెద్దావిడ బాబూ, ఎంతసేపని ఆపుకుంటుంది?" అంది. చేతికందిన ఉద్యోగం జారిపోతోందని శాలిని కంగారుపడుతుంటే, ఇది పోతే ఇంకోటి చూస్తాను కూర్చోమ్మా అన్నారు విక్టోరియా గారు. శాలిని ఆవిడ పక్కనే కూర్చుంది. ఈసారి తల వంచుకోలేదు.

భోజనాల వేళకి పెట్టెలు కదిలాయి. వడ్రంగి వచ్చాడు. కుళాయి మారింది. ఫణికిరణ్ చెమట తుడుచుకుంటూ స్వయంగా వచ్చాడు.

"వెళ్ళండి మేడం గారూ. పొద్దుటి నుంచీ పాపం..."

హాలంతా చూస్తుండగా ఆవిడ వరండా చివరికి నడిచారు. ఫణికిరణ్, శాలిని, సువర్ణ వెంట వెళ్ళారు. తలుపు మూసుకుంది. గడియ చప్పుడైంది, మళ్ళీ అయింది. లైటు వెలిగింది. కుళాయి ఒకసారి బుస్సుమని ఆగింది. ఆవిడ బయటికి వచ్చేశారు.

"అదేంటండీ, అప్పుడేనా?" అన్నాడు ఫణికిరణ్ తెల్లబోయి.

"నాకు రావట్లేదండీ," అన్నారు విక్టోరియా గారు మెత్తగా. "పిల్లలకి వస్తుంది."

అతను నోరు తెరిచేలోగా సువర్ణ, "కాస్త తప్పుకోండి సార్," అంటూ ఇద్దరి మధ్య నుంచీ దూరి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది.