నాయన కలిపిన ఎర

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఊరుకునే మనిషిని కాదు నేను. కళ్యాణదుర్గంలో ఇరవై ఏళ్లు సైన్సు టీచరుగా చేశాను. దెయ్యం పట్టిందని బడి మానిపించిన పిల్లను ఇంటికి పోయి, వాళ్లమ్మతో పోట్లాడి మరీ లాక్కొచ్చాను. కాబట్టి కింద రాసింది చదివి నాకు మతి చెడిందని అనుకోకండి.

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. నాయన పండించింది శెనక్కాయలే గానీ ఆయన ప్రాణమంతా గాలం మీదే. నా చిన్నప్పుడు మా చెరువు నిండింది రెండు మూడు సార్లే. ఆ కొద్దిసార్లూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేపలు పట్టాడు.

ఎర ఆయనే కలిపేవాడు. మిగిలిన రాగి సంగటిలో వేయించిన శెనక్కాయల పొడి, నలిపిన వాము వేసి పిసికేవాడు. వాము ఎప్పుడూ ఎక్కువే. "చేపలకేమన్నా కడుపునొప్పా?" అని అమ్మ తిట్టేది. గాలానికి గుచ్చే ముందు చిటికెడు తాను తిని, చిటికెడు నా నోట్లో పెట్టేవాడు. "మనం తినంది చేప మాత్రం యాల తింటాది పాపా?" అనేవాడు. అలా తినకుండా ఒక్కసారి కూడా గాలం వేయలేదు.

తర్వాత చెరువులో కంపచెట్లు మొలిచాయి. గాలం చూరులోకి ఎక్కింది. "నిండు నీళ్లల్లో ఇంకొక్కసారి గాలమేస్తే సాలు, మల్ల ఏమైనా కానీ" అని నాయన అప్పుడప్పుడూ అనేవాడు.

మా బడి టీచర్లు కొందరు ఏటా కావేరి ఒడ్డుకు టూరు పోయేవాళ్లు. గైడు వెంట ఉంటాడు. ఒకరోజు అడవిలో జీపు సఫారీ, ఒకరోజు నదిలో చేపలు పట్టడం. నాయనను తీసుకుపోతానని మాటిచ్చాను. మొదటి ఏడు పరీక్ష పేపర్లు అడ్డం వచ్చాయి, రెండో ఏడు ఇంటిపని. రెండుసార్లూ "వచ్చే ఏడు పోదాంలే నాయనా" అన్నాను. "పోదాంలే, నీళ్లు యాడికి పోతాయి?" అన్నాడాయన.

నీళ్లు ఎక్కడికీ పోలేదు. రెండువేల నాలుగులో ఇద్దరికీ సీట్లు చెప్పాను. బయలుదేరడానికి నెల ముందు నాయన గుండెపోటుతో పోయాడు.

నేను పోనన్నాను. అమ్మే ఆ గాలం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయప్ప గాలం, నీళ్లల్లో ఒకసారి తడిపి తీసుకరా" అంది.

మొదటిరోజు జీపులో నా పక్క సీటు ఖాళీ. ఏనుగుల గుంపు నీళ్లలోకి దిగి ఒకదాని మీద ఒకటి చల్లుకుంటుంటే అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేను ఏనుగుల్ని చూడలేదు, నీళ్లనే చూశాను. అబ్బా, ఎన్ని నీళ్లు! ఒక్క ఏడు ముందు తీసుకొచ్చి ఉంటే ఏం పోయేది నాకు? నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండోరోజు పొద్దున పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, ఎక్కాం. పుట్టికి ఒక గైడు, ఒక మనిషి. నా గైడు మాదప్ప, కన్నడాయన; ఆ భాష నాకు కొంచెం అర్థమవుతుంది. ఒడ్డున మా కళ్లముందే రాగిపిండి, నీళ్లు, ఈ రెండే కలిపి ఉడికించి ఎర ముద్ద చేశాడు. ఉప్పు కూడా వేయలేదు. పట్టిన చేపను మళ్లీ నదిలోనే వదలాలని చెప్పాడు.

అలవాటు కొద్దీ చిటికెడు నోట్లో వేసుకున్నాను. చప్పటి రాగిముద్ద. "ఓయమ్మో, చేపల ఎర ఈమె తింటాండాది సూడండప్పా!" అని పక్క పుట్టిలోంచి మా లెక్కల టీచరు పగలబడి నవ్వింది.

రెండు గంటలైనా ఒక్క చేపా తగల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు. "తప్పైపోయింది నాయనా" అని పైకే అన్నాను. మాదప్పకు తెలుగు రాదు కాబట్టి సిగ్గుపడలేదు. అదే ముద్దలోంచి ఇంకొంచెం తుంచి, గుచ్చే ముందు చిటికెడు తిన్నాను.

శెనక్కాయ. ఆ వెంటనే వాము. నాలుక చురుక్కుమంది.

మాదప్పకూ కొంచెం పెట్టాను. ఆయన నమిలి, ముద్దను వాసన చూసి, ఏం కలిపావని నన్నే అడిగాడు. నా సంచి ఒడ్డునే ఉంది. పుట్టిలో ఆ ముద్ద, గాలం, తెడ్డు, మేమిద్దరం తప్ప ఏమీ లేవు. గాలానికి పాత ఎర అంటుకుందేమో అనుకుందామంటే, ముందురోజే సబ్బుతో తోమాను.

ఆ ఎర వేసిన కాసేపటికే చేప పడింది. అరచెయ్యంత పొలుసులు. ఇద్దరం కలిసి లాగాం. గాలం విప్పి మెల్లగా నీళ్లలోకి వదిలేశాను.

మిగిలిన ముద్ద కాగితంలో చుట్టి తెచ్చాను. ఊరు చేరేసరికి గట్టిపడింది. అమ్మకు ఏమీ చెప్పకుండా చిన్న ముక్క చేతిలో పెట్టి తినమన్నాను. అమ్మ బియ్యం ఏరుతూనే నమిలింది.

"మల్లా వాము ఎక్కువేసినాడు మీ నాయన" అంది. "ఎప్పుడు చేసినాడే?"

అన్నాక చెయ్యి ఆగిపోయింది. మిగిలిన ముక్కను కొంగుకు ముడేసుకుని మళ్లీ బియ్యం ఏరసాగింది.

కారణం వెతకడం నా వృత్తి. వెతికాను, దొరకలేదు. ఇంట్లో ఎన్నిసార్లో సంగటి, శెనక్కాయల పొడి, వాము కలిపి చూశాను. దగ్గరదాకా వస్తుంది గానీ ఆ రుచి రాదు. అయినా కలుపుతూనే ఉన్నాను. నోట్లో పెట్టుకునే ముందు ప్రతిసారీ కాస్త ఆశపడతాను.