వెనక్కి తిరగండి సార్

చేతిలో ఫోనున్న మనిషి కనబడితే చాలు, ఆ ఇంజనీరు "ఒక్కసారి వెనక్కి తిరుగుతారా?" అనేవాడు. నవ్వినా అంతే, తిట్టినా అంతే.

లైబ్రరీ కౌంటరులో కూర్చునే ఆవిడకు మొదట్లో ఒళ్లు మండిపోయేది. చూపులేనివాళ్లు ఒంటరిగా తిరగగలగాలని, మెట్ల పక్క గోడకు అగ్గిపెట్టెంత బీకన్ అంటించాడతను. దాని బ్లూటూత్ సిగ్నల్ అందుకుని, మెట్లు దగ్గరపడగానే ఫోను నోరు విప్పి హెచ్చరించాలి. ఎంత దూరంలో హెచ్చరించాలో సరిచేయడమే అతని పని. అదే ఎంతకూ తెమలడం లేదు.

"నిన్న బాగానే పలికింది కదండీ!" అందావిడ విసుగ్గా.

"నిన్న ఫోను మీ చేతిలో ఉంది. ఇవాళ నడుముకు దోపుకుని వెనక్కి తిరగండి. ఒళ్లు అడ్డమొస్తే సిగ్నల్ తగ్గుతుంది. పక్కనే ఉన్న మెట్లు ఎక్కడో ఉన్నాయనుకుంటుంది ఫోను."

"అందరి దగ్గరా కొత్త ఫోన్లున్నాయిగా! నా డొక్కు ఫోను వెంటే పడతారేం?"

"దీనికే చెవుడెక్కువండీ," అన్నాడతను గంభీరంగా.

చివరికి లైబ్రరీ అధికారే ఫోను చేత్తో పట్టుకుని దిగివచ్చాడు. "వచ్చేవారం ప్రారంభోత్సవం. ఇంకా ఈ తిరుగుళ్లేమిటయ్యా?"

"సార్, వెనక్కి తిరగండి."

ఏ కళనున్నాడో, తిరిగాడు. మిగతా చివాట్లన్నీ ఎదుటి గోడకు పెడుతూ వెనక్కి వెనక్కి నడిచాడు. మడమ మెట్టుకు కొట్టుకున్నాక, ఫోను తీరిగ్గా పలికింది: "మెట్లు దగ్గరలో ఉన్నాయి." ఇంజనీరు పట్టుకోకపోతే పెద్దాయన వెల్లకిలా పడేవాడే.

"సరే, కానివ్వు," అన్నాడు మడమ రుద్దుకుంటూ.

ప్రారంభోత్సవం నాడు కౌంటరావిడ తన తల్లిని వెంటబెట్టుకొచ్చింది. పుస్తకం లేనిదే ముద్ద దిగని మనిషి, చూపు పోయాక గడప దాటలేదు. వినే పుస్తకాల గది పైఅంతస్తులో ఉంది. మెట్లింకా నాలుగడుగులుండగానే ముసలావిడ నడుము దగ్గర ఫోను పలికింది. తల్లి టక్కున ఆగింది.

"మెట్లొచ్చాయిటే!"

కూతురు ఇంజనీరు వైపు తిరిగింది. "అమ్మ ఫోను నడుముకు దోపుకుంటుందని మీకెలా తెలుసు?"

"'నా ఫోనులాంటిదే కొనిచ్చాను, నడుముకు దోపుకుంటే రింగెలా వినబడుతుందమ్మా' అని మీరే ఓరోజు ఫోనులో కేకలేశారుగా."

"మరి నాకు ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే ఆశపెట్టుకుంటారు. తీరా ఇది పలక్కపోతే?"

తల్లి ఆ సరికే చెయ్యి విడిపించుకుని రెయిలింగు పట్టుకుంది.

"దిగేవాళ్లు కాస్త పక్కకు జరగండి బాబూ," అంది పెద్దగొంతుతో, "ఎక్కేవాళ్లున్నారు."